నీళ్ళమలుపు కూర్మమ్మ

శృంగవరపుకోట దాటాక రోడ్డు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఎక్కగా ఎక్కగా, లారీలన్నీ ఆవిర్లు కక్కుతూ ఇక మావల్ల కాదని ఆగిపోయే చోట పద్దెనిమిది గుడిసెలుండేవి. అది ఒక ఊరని ఏ కాగితమూ ఒప్పుకోలేదు. కింద గ్రామం కరణాన్ని అడిగితే తన హద్దు రెండు ఫర్లాంగులు ఇవతలే ఆగిపోయిందనేవాడు. పైవాళ్ళను అడిగితే తమ హద్దు పైన ఇంకో రెండు మలుపులు దాటాక గానీ మొదలవదనేవారు. మధ్యన మిగిలిపోయిన ఆ ముక్కకు మునసబు లేడు, తలారి లేడు, పంచాయతీ లేదు. ఒకసారి జనాన్ని రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా ఒకాయన రెండు గ్లాసుల టీ తాగి, వీళ్ళను ఏ ఊరి కింద వేయాలో తేలక, పుస్తకం చంకన పెట్టుకుని చక్కా పోయాడు.

లారీలవాళ్ళు మాత్రం ఏ హద్దులూ చూడకుండా దానికి నీళ్ళమలుపు అని పేరు పెట్టారు. అక్కడ రాతి సందులోంచి ఏడాది పొడవునా నీళ్ళు ఊరేవి. నడివేసవిలో కూడా చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లన. ఆ ఊట ఉంది కాబట్టి లారీలు ఆగేవి, లారీలు ఆగేవి కాబట్టి జనం బతికేవారు. ముసలి తాతమ్మ అరటిపళ్ళు అమ్మేది. ఇంకొకరు పనసతొనలు, మరొకరు ఉడకబెట్టిన దుంపలు అడ్డాకుల్లో పెట్టి అమ్మేవారు. టీ, ఇడ్లీ, చోడి అంబలి కూర్మమ్మవి. ఇంజన్లకు నీళ్ళు పోసే పెత్తనం కూడా ఆవిడదే.

పెత్తనం అని ఊరికే అనడం లేదు. కాగిపోయి ఆగిన ఇంజనుకు వెంటనే చన్నీళ్ళు పోస్తే లోపల ఇనుము పగిలిపోతుంది. ఆ సంగతి డ్రైవర్లందరికీ తెలుసు, తెలిసినా వాళ్ళకు తొందరే. కూర్మమ్మ దగ్గర ఆ తొందరలు చెల్లేవి కావు. ముందు వెనక చక్రం కింద రాయి పెట్టాలి. బానెట్టు ఎత్తాలి. ఒక చుట్ట సాంతం కాలేదాకా ఎవరూ మూత ముట్టకూడదు. ఆ తరవాత తడిగోనె వేసి మూత తిప్పాలి. మొదటి డబ్బా ఎప్పుడూ పొయ్యి పక్క కుండలోని గోరువెచ్చని నీళ్ళే. అదీ ఇంజను తిరుగుతుండగా, సన్నటి ధారగా. ఊట నీళ్ళ వంతు ఆ తరవాతే. ఒకసారి ఆరడుగుల సర్దార్జీ ఒకడు ఓపిక పట్టలేక ఊటనీళ్ళ డబ్బా ఎత్తబోతే, అతని చేతి మీద గరిటెతో ఒక్కటిచ్చింది. అతను బిత్తరపోయి, ఆనక పగలబడి నవ్వి, ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆవిడను మాతాజీ అని పిలిచేవాడు. అప్పటికి మాతాజీకి ముప్పై అయిదేళ్ళు కూడా లేవు.

ఈ పద్ధతంతా నేర్పింది ఆవిడ మొగుడు ఎర్రన్న. అరసవల్లి అవతలి పల్లె వాళ్ళది. కౌలుకు చేసే మెట్ట చేలు రెండేళ్ళు వరసగా ఎండిపోతే, మొగుడూ పెళ్ళాలు రోడ్డు పనికి కొండెక్కి, ఆ మలుపులోనే గుడిసె వేసుకున్నారు. ఎర్రన్న నోట్లో నాలుక లేని మనిషి. తండ్రి తాగి తాగి ఉన్న చెక్క పొలం కాస్తా పోగొట్టాడన్న మంట లోపల ఉండిపోయి, కల్లు వాసన వచ్చే మనిషి పక్కన కూర్చునేవాడు కూడా కాదు. పండగ పూట గ్యాంగు వాళ్ళంతా తాగి ఆడుతుంటే అతను ఊట దగ్గర కూర్చుని గునపాలకు పదును పెట్టుకునేవాడు. ఇద్దరి నోరూ కూర్మమ్మకే ఇచ్చేశాడు దేముడని సాటి కూలీలు నవ్వేవారు.

ఆ రోజుల్లోనే నరసింగరావు భోగాపురం వైపు నుంచి మేస్త్రీగా వచ్చాడు. అప్పటికి పేరు చివర రావు ఇంకా మొలవలేదు, ఉత్త నరసింగుడే. వంట చేసిపెట్టే దిక్కులేక కూర్మమ్మ ఇంట్లో తిన్నాడు. ఒక రోజు కాదు, ఒక నెల కాదు, రెండేళ్ళు. ఎర్రన్నను బావా అన్నాడు, ఆవిడను అక్కా అన్నాడు. కొండమీద జ్వరం వచ్చి పడుకుంటే పదకొండు రోజులు గంజి కాచి పోసింది. ఆ గంజి కాచిన చేతుల్ని ఆవిడ తరవాత ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

అరవై నాలుగులో రోడ్డు వెడల్పు చేసే పని జోరుగా నడిచింది. కొండకవతల కొత్త రైలుదారి వేస్తున్నారు, దానికి సామాను మోసే లారీలు పెరిగిపోయాయి. మలుపు పైనున్న బండను తూటాలు పెట్టి పేల్చేవారు. పేల్చే ముందు చేసే పని ఒకటుంది. నేరేడు కొమ్మకు రైలు పట్టా ముక్కొకటి వేలాడదీసి ఉండేది. సోములు అనే గ్యాంగు కూలీ ఇనపకడ్డీతో దాన్ని మూడుసార్లు, ఆగి ఆగి, కొట్టేవాడు. ఆ మోత వినగానే ఎవరి చేతిలో పని అక్కడే పడేసి అందరూ మలుపు దాటి పోవాలి. సోములు కిందా పైనా ఒకసారి చూసి చెయ్యి ఊపితేనే మేస్త్రీ వత్తి ముట్టించాలి. పట్టా మోగకుండా తూటా పేలడమనేది అంతవరకూ లేదు.

ఫాల్గుణంలో ఒకరోజు పొద్దున్న ఇంజినీరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన వచ్చేసరికి బండ పడి ఉండాలని నరసింగరావుకు పుట్టింది. అదే తొందరలో ఇంజినీరు కోసం మంచి సిగరెట్లు తెమ్మని సోముల్ని కిందకు తోలేశాడు. పట్టా కొట్టే మనిషి లేడన్న సంగతి గుర్తులేదో, గుర్తున్నా తనే వెళ్ళి కొట్టడానికి నామోషీ అయిందో, వత్తి ముట్టించేశాడు. కింద గునపాలు పోగుచేస్తున్న ఎర్రన్న మీద బండ పడింది. ఊట దగ్గర డబ్బాలు తోముతున్న కూర్మమ్మ పేలుడు వింది. పట్టా వినలేదు. అప్పుడే లేచి పరిగెత్తింది.

విచారణకని కంట్రాక్టరు ఇద్దరు పెద్దమనుషుల్ని పంపాడు. మలుపుకు మునసబు లేడు కాబట్టి ఆడవాళ్ళ మాట రాసుకునే దిక్కు లేదు. మేస్త్రీ చెప్పిందే రాసుకున్నారు. నరసింగరావు సింహాచలం వైపు తిరిగి చేతులు జోడించి, "అప్పన్న సాచ్చిగా పట్టా కొట్టినాను బాబూ. ఆడు తాగీసి పడుకున్నాడు. అందరూ పరిగెట్టినారు, ఆడు లెగనేదు" అన్నాడు. సిగరెట్ల పొట్లం పట్టుకుని తిరిగొచ్చిన సోములు పక్కనే నిలబడి నేల చూశాడు. పని పోతుందని భయం. కూర్మమ్మ పెద్దమనుషుల మీదకు ఉరికింది. నలుగురు పట్టుకుని వెనక్కి లాగారు.

మొగుడు పోయినందుకు ఆవిడ ఏడ్చింది. అది ఏ ఆడదైనా ఏడుస్తుంది. కానీ ఆవిడ కడుపులో నిప్పు పోసింది రెండో మాట. తాగి పడుకున్నాడట! ఆ మాట లారీలెక్కి కిందకు దిగింది, పైకి ఎక్కింది. ఎర్రన్న పడిపోయిన చోటుకు క్లీనర్లు తాగుబోతు వంపు అని పేరు పెట్టారు. "తాగుబోతు వంపు వచ్చింది, హారను కొట్టండి గురూ" అని నవ్వుకుంటూ వచ్చి, ఆవిడ పొయ్యి ముందే కూర్చుని, ఆవిడ పోసిన టీయే తాగేవారు. అలా అన్న ప్రతివాడితోనూ ఆవిడ పోట్లాడేది. నిజం చెప్పేది. పెళ్ళాం మొగుణ్ణి వెనకేసుకురాక ఏం చేస్తుందిలే అన్నట్టు వాళ్ళు తలూపేవారు. ఆ తలూపులకు ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

అన్న వచ్చి పుట్టింటికి రమ్మన్నాడు. రానంది. "ఆడు ఈ దారంటే ఎల్తాడన్నా. ఎప్పుడో ఓనాడు ఇక్కడ ఆగుతాడు. నలుగురు ముందర ఆడి నోటంటే ఆడే సెప్పాల. పట్టా కొట్టనేదని, నా మొగుడు తాగనేదని. అది ఇనకుండా నాను కొండ దిగను" అంది. అన్న ఆవిడ మొహం చూసి కొండ దిగిపోయాడు.

సోములు నెల తరవాత వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. నేనే అందరికీ చెప్తానన్నాడు. "అప్పుడు సెప్పనోడివి ఇప్పుడు సెప్తే ఎవులు నమ్ముతారు? నీకు నానేదో పెట్టినానంతారు" అని ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది. అతనికి టీ పోయడం మాత్రం మానలేదు. గ్లాసు చేతికివ్వకుండా నేల మీద పెట్టేది. అయిదేళ్ళు అలాగే పెట్టింది. సోములు అలాగే వంగి తీసుకున్నాడు.

ఆ అయిదేళ్ళలో నరసింగరావు పేరు చివర రావు మొలవడమే కాదు, వేళ్ళు కూడా దిగింది. కంట్రాక్టరు దగ్గర మంచివాడయ్యాడు, తనే చిన్న చిన్న పనులు పట్టాడు, ఉన్న పొలం అమ్మి ఎర్రరంగు లారీ ఒకటి కొన్నాడు. దాని నుదుట శ్రీ సింహాద్రి అప్పన్న ప్రసన్న అని పసుపు అక్షరాలతో రాయించాడు. ఏ దేముడి పేరున అబద్ధమాడాడో ఆ దేముణ్ణే బండికి కట్టుకుని తిరగడానికి ఎంత గుండె ఉండాలి! కానీ నీళ్ళమలుపులో ఆగే గుండె మాత్రం లేదు. డ్రైవరు పక్కన కూర్చుని వచ్చేవాడు. కింద గెడ్డ దగ్గరే, ఆ కొండవాగులోంచి రెండు డబ్బాల నీళ్ళు నింపించుకుని, ఇంకా పైకి పోయాక ఎక్కడో ఆపి పోయించుకునేవాడు. ఆ లారీ మోత కూర్మమ్మకు రెండు మలుపుల కిందనుంచే తెలిసేది. చేతిలో పని వదిలేసి రోడ్డు అంచుకు వచ్చి నిలబడేది. అరవదు, తిట్టదు, మన్ను చల్లదు. చూస్తుంది. అతను అవతలి కొండ మీద ఏదో వింత ఉన్నట్టు మొహం అటు తిప్పుకుని పోయేవాడు.

అరవై తొమ్మిది వైశాఖంలో ఆ లారీ ఆగింది.

ఆ రోజు పొద్దున్నే శృంగవరపుకోటలో నరసింగరావు తన డ్రైవరుతో తగువేసుకున్నాడు. పైన ఎక్కడో వంతెన పనికి సిమెంటు బస్తాలు చేరాలి. బరువు ఎక్కువైంది, ఆపి ఆపి తీసుకెళ్ళాలి, సాయంత్రం అవుతుందని డ్రైవరన్నాడు. కొండమీద మబ్బు పడుతోంది, కప్పడానికి సరైన టార్పాలిన్ లేదు, మధ్యాహ్నానికే చేరాలని ఇతనన్నాడు. మాటా మాటా పెరిగి డ్రైవరు తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. నరసింగరావుకు బండి నడపడం వచ్చు. ఇంజను మనసు తెలియదు. స్టీరింగు తనే పట్టాడు. గెడ్డ దగ్గర డబ్బాలు నింపడం డ్రైవరు చూసుకునే పని గనక డ్రైవరుతోపాటే అదీ పోయింది.

మలుపుకు వచ్చేసరికి ముందంతా ఆవిరే. బండి రెండుసార్లు మూలిగి, సరిగ్గా ఊటకెదురుగా నిలిచిపోయింది. కొండ వెనకనుంచి మబ్బు నల్లగా లేస్తోంది. అప్పటికే అక్కడ జగన్నాధం అనే పాత డ్రైవరు లారీ ఆగి ఉంది. చింతపండు బస్తాల మీద ఎక్కి వచ్చిన సంతజనం పన్నెండుమంది దాకా దిగి టీలు తాగుతున్నారు. సోములూ ఒక పక్కన గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. నరసింగరావు కిందకు దూకి, "నీల్లు! నీల్లట్రండి ఎవులైనా!" అని కేకేశాడు.

ఇంజనుకు నీళ్ళు లేవనడం ఆ మలుపులో ఎన్నడూ జరగలేదు. తిట్టిపోయినవాడికీ పోశారు, టీ డబ్బులు ఎగ్గొట్టినవాడికీ పోశారు. తాతమ్మ అలవాటుకొద్దీ సగం లేచింది. కూర్మమ్మ వంక చూసి కూర్చుండిపోయింది. కూర్మమ్మ అప్పటికే డబ్బాలు ఆరింటినీ తెచ్చి ఊట ముందు పెట్టుకుని, వాటి వెనకాల రాతి మీద కూర్చుంది. అయిదేళ్ళ నుంచి దాచుకున్నది చేతికందబోతోంది.

నరసింగరావు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఎలా పిలవాలో తెలియక కాసేపు తడుముకుని, "అక్కా" అన్నాడు.

"అక్కేటి? నీకు అక్క ఎవులు?"

"వోన వచ్చీలాగున్నాది. సిమెంటు తడిసిపోతే నా బతుకైపోతాది. నీల్లు పొయ్యి."

"పోస్తాను. పట్టా కొట్టినావా నరసింగా?"

అతని మొహం మాడిపోయింది. చుట్టూ చూశాడు. టీ గ్లాసులు పట్టుకుని అందరూ ఇటే చూస్తున్నారు. "పాత గొడవలు ఇప్పుడేటి?" అన్నాడు గొంతు తగ్గించి.

"నీకు పాతది. నాకు రోజూ కొత్తదే. కొట్టినావా, నేదా?"

"అప్పన్న సాచ్చి..."

"ఆ పేరు ఎత్తకు!" కూర్మమ్మ అరుపుకు జగన్నాధం చేతిలో టీ ఒలికింది. "ఓ పాలి ఎత్తినావు, సాలు. నీ నోటితో సెప్పు."

పైన ఉరిమింది. దూరంగా కొండ కొసన వాన దిగడం కనబడుతూనే ఉంది. నరసింగరావు మబ్బును చూశాడు, బస్తాలను చూశాడు, ఆరు డబ్బాలను చూశాడు. డబ్బా లాక్కుందామని ఒక అడుగు వేశాడు కూడా. సోములు లేచి అడ్డంగా నిలబడ్డాడు. అయిదేళ్ళలో ఆ మనిషి ఎవరికైనా అడ్డంగా నిలబడ్డం అదే మొదటిసారి.

"కొట్టనేదు" అన్నాడు నరసింగరావు.

"గట్టిగా సెప్పు. తాతమ్మకి సెవుడు."

"కొట్టనేదు! సోముల్ని సిగరెట్లకి కిందకి తోలీసినాను. ఇంజినీరు వస్తాడని తొందరపడి నానే ముట్టించీసినాను. సాలా?"

"నా మొగుడు తాగున్నాడా?"

"నేదు. ఎర్రన్న బావ ఏనాడూ తాగనేదు. నా పీక మీదకి వస్తాదని నానే అలగ సెప్పినాను. సెప్పినాను కదా! ఇంకేటి కావాలి? ఇంక పొయ్యి, బేగి పొయ్యి!"

సోములు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జగన్నాధం తన గ్లాసు కింద పెట్టి, కూర్మమ్మ వైపు చూసి, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. తాగుబోతు వంపు అని నవ్వినవాళ్ళలో అతనూ ఒకడు.

ఆ మాటలు వినగానే గుండెల మీది బండ దిగిపోతుందని కూర్మమ్మ అయిదేళ్ళూ అనుకుంది. దిగలేదు. అతను ఆ మాటలు ఎర్రన్న కోసం అనలేదు, నీళ్ళ కోసం అన్నాడు. బజార్లో బేరం తెగినట్టు ఒక చేత్తో మాట పడేసి రెండో చెయ్యి డబ్బా కోసం చాచాడు. ఇంత తేలికైన మాట, ఇన్ని డబ్బాల నీళ్ళకు సరిపోయే మాట, అయిదేళ్ళు వీడి నోట్లో ఉండి కూడా బయటకు రాలేదు కదా అనుకునేసరికి, ఉన్న మంట రెండింతలైంది. వీణ్ణి ఊరికే పోనివ్వకూడదు అనుకుంది.

నరసింగరావు తనే వెళ్ళి చొక్కా కొస చేతికి చుట్టుకుని మూత తిప్పేశాడు. ఆవిరి ఎగజిమ్మి వెనక్కి గెంతాడు. జగన్నాధం ఉండబట్టలేక అన్నాడు, "బాబూ, ఆగండి. ఇంజను ఆగిపోయుంది, లోపలంతా కాలిపోతంటాది. ఓ సుట్ట ముట్టించుకోండి, సల్లారనివ్వండి."

"మీ డ్రైవర్లందరికీ సుట్టలొకటే దొరికినాయి! పొద్దున్న ఆడూ ఇదే కూత కూసినాడు, పొమ్మన్నాను. నా బండి, నా ఇష్టం." కూర్మమ్మ వైపు తిరిగాడు. "పొయ్యవే తల్లీ!"

జగన్నాధం కూర్మమ్మను చూశాడు. సర్దార్జీ చేతి మీద గరిటెతో కొట్టిన మనిషి. గోరువెచ్చని నీళ్ళకుండ పొయ్యి పక్కనే ఉంది. ఆవిడ దాని వంక చూడనైనా చూడలేదు. ఊట కింద పెట్టి రెండు డబ్బాలు నిండుగా పట్టి, చెరో చేత్తో మోసుకొచ్చింది.

"సన్నీల్లే పొయ్యమంటావా?" అని అడిగింది. మెల్లగా, అందరికీ వినబడేలా.

"ఏ నీల్లైతే ఏటి! పొయ్యి!"

సన్నటి ధార కాదు. డబ్బా ఎత్తి గుమ్మరించింది. రెండోదీ గుమ్మరించింది. లోపల ఏదో ఒక్కసారి అరిచినట్టయింది. ఆ వెంటనే తుపాకి పేలినట్టు టప్పుమని ఇంజను పగిలింది. ఆ చప్పుడు అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. బండి కిందనుంచి నూనె కలిసిన నీళ్ళు బొళబొళా కారి రోడ్డు వాలున పాకాయి. ఏం జరిగిందో నరసింగరావుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యేసరికి వాన వచ్చేసింది. బస్తా తరవాత బస్తా తడిసి నల్లబడుతుంటే, తలమీద చేతులు పెట్టుకుని రోడ్డు మధ్యలో కూలబడ్డాడు.

కూర్మమ్మ నవ్వింది. వానలో నిలబడి, ఖాళీ డబ్బాలు రెండు చేతుల్లో పట్టుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. జాలిపడాలని ఆవిడకు తోచలేదు, ఆవిడను తప్పుపట్టదలుచుకున్నవాళ్ళు పట్టుకోవచ్చు. పదకొండు రోజులు గంజి కాచిపోసిన చెయ్యి ఆవిడదే, నీళ్ళు గుమ్మరించిన చెయ్యీ ఆవిడదే. రెండోదానికి ఆవిడ ఎప్పుడూ సిగ్గుపడలేదు.

ఎర్రలారీ దసరా దాకా అక్కడే పడి ఉంది. బస్తాలు బస్తాలుగానే రాయైపోయాయి. నరసింగరావు రెండుసార్లు మెకానిక్కులను తెచ్చి చూపించాడు, వాళ్ళు పెదవి విరిచారు. చివరికి ఇనుము కింద ఎవరికో అమ్మేసి మళ్ళీ ఎవరి దగ్గరో మేస్త్రీగా కుదిరాడని తెలిసింది. ఆ కబురు విన్న రోజు కూర్మమ్మ ఇడ్లీలు అందరికీ ఊరికే పెట్టింది. సోములుకు టీ గ్లాసు చేతికిచ్చింది. అతను అది పట్టుకుని తాగకుండా చాలాసేపు నిలబడ్డాడు.

జగన్నాధం ఆ సంగతి కోటలో టీ దుకాణాల్లో చెప్పాడు. మొదట అంతా చెప్పాడు. పట్టా, సిగరెట్లు, ఎర్రన్న, ఒప్పుకోవడం, అన్నీ. కానీ వినేవాడికి ఆ అన్నిట్లో ఏది గుర్తుంటుంది? అయిదేళ్ళ కిందటి పట్టా మోగని సంగతా, మొన్న వైశాఖంలో పగిలిన ఇంజనా? కథ ఒక నోటి నుంచి ఒక నోటికి దిగి, మళ్ళీ లారీలెక్కి కొండమీదకు వచ్చేసరికి పట్టా రాలిపోయింది. ఎర్రన్న రాలిపోయాడు. నీళ్ళమలుపులో ఒకావిడ ఉంది, పగబట్టిందంటే ఇంజను పగలగొడుతుంది. అంతే మిగిలింది. తాగుబోతు వంపు అనడం మానేశారు, నిజమే. ఆ చోటును ఇంజను పగిలిన మలుపు అనసాగారు.

ఆ తరవాత కొత్త డ్రైవర్లు నరసింగరావులాగే కింద గెడ్డలో డబ్బాలు నింపుకుని రావడం మొదలుపెట్టారు. రోజుకు ఇరవై లారీలు ఆగే చోట ఏడెనిమిది ఆగేవి. తాతమ్మ అరటిపళ్ళు గెలల మీదే నల్లబడ్డాయి. చలికాలం వచ్చేసరికి నాలుగు కుటుంబాలు గుడిసెలు విప్పుకుని కిందకు దిగిపోయాయి. తాతమ్మ ఒకరోజు మొహం మీదే అంది, "నీ పగ తీరినాది గానీ మా పొయ్యిలారిపోతన్నాయే. ఆడు ఒప్పుకున్నాక గోరెచ్చని నీల్లే పోసీసుంటే ఏటయ్యేది?"

"నా కడుపు మంట ఆరీది కాదు" అంది కూర్మమ్మ పౌరుషంగా.

అంది గానీ ఆ ప్రశ్న ఆవిడను వదలలేదు. ఆ రోజు గోరువెచ్చని నీళ్ళే పోసి ఉంటే, జగన్నాధానికి గానీ సంతజనానికి గానీ కిందకు మోసుకుపోవడానికి ఆ మాటలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. పట్టా కొట్టలేదు, ఎర్రన్న తాగలేదు. ఆ రెండు ముక్కలే కోట దాకా, విజయనగరం దాకా వెళ్ళేవి. వాటి మీద తనే రెండు డబ్బాలు గుమ్మరించింది. ఈ లెక్క తేలిన రోజు పొయ్యి ముందు కూర్చుని, తన మీద తనే పళ్ళు నూరుకుంది. అప్పటినుంచి ఆగిన ప్రతి డ్రైవరునూ పట్టుకుని ఎర్రన్న సంగతి చెప్పాలని గట్టిగా అనుకుంది.

పుష్యంలో ఒక మధ్యాహ్నం కొత్త డ్రైవరొకడు ఆగాడు. చిన్నవాడు, పేరు కూర్మయ్యట. తన పేరే పెట్టుకున్నవాడని కూర్మమ్మకు ముచ్చటేసింది. చక్రం కింద రాయి పెట్టించింది, బానెట్టు ఎత్తించింది, చుట్ట ముట్టించుకోమంది. అతను కుండలో గోరువెచ్చని నీళ్ళను భయం భయంగా చూస్తుంటే, "బయపడకు నాయనా, నీతో నాకేటి పగ?" అంది. "ఇక్కడ నా మొగుడు సచ్చిపోనాడు. మేస్త్రీ పట్టా కొట్టకుండా తూటా పేల్చీసినాడు. అయిదేళ్ళు పోయినాక ఆడే నలుగురు ముందర ఒప్పుకున్నాడు."

"అయ్యో" అన్నాడు కూర్మయ్య. నిజంగానే బాధపడ్డాడు. చుట్ట ఒక దమ్ము లాగి, "ఆడి లారీయేనా అమ్మా ఇక్కడ పగిలినాది?" అన్నాడు.

"ఆడిదే."

"సప్పుడు ఎంత దూరం ఇనబడ్డాది?"

కూర్మమ్మ కళ్ళు మెరిశాయి. "ఎంత దూరమేటి! ఆ కొండకి తగిలి తిరిగొచ్చినాది. గెడ్డ అవతలోల్లు ఉరిమిందనుకున్నారు. ఇలగ, ఈ రెండు సేతులతోటీ..." అంటూ లేచి, ఖాళీ డబ్బా రెండు చేతులా ఎత్తి, అతని లారీ ముందు నిలబడి ఎలా గుమ్మరించిందో చేసి చూపించింది. ఆవిరి ఎంత ఎత్తు లేచిందో చూపించింది. వాడు తలమీద చేతులు పెట్టుకుని ఎలా కూలబడ్డాడో కూడా రోడ్డు మీద చతికిలబడి చూపించింది. కూర్మయ్య చుట్ట ఆరిపోయేదాకా నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఇంజను చల్లారింది, నీళ్ళు పోసింది, అతను దణ్ణం పెట్టి బండెక్కి పైకి సాగిపోయాడు.

లారీ మోత మూడో మలుపు దాటి వినబడకుండా పోయాక, గ్లాసు కడుగుతూ ఉండగా ఆవిడకు తెలిసింది. ఇంతసేపు చెప్పిన కథలో ఎర్రన్న పేరు ఒక్కసారి కూడా రాలేదు. అతను తాగలేదన్న మాట తన నోటినుంచి కూడా రాలేదు.